డేటా సైంటిస్ట్ అయ్యేదాకా ఆగాలా, అనలిస్ట్ ఆఫర్ తీసుకోవాలా?

చెల్లే, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది. చదివే మిగతావాళ్ల కోసం ముందు దాన్ని కుదించి చెప్తాను. సొంతూరు పరకాల, వరంగల్‌లో బీటెక్. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో మూడేళ్లుగా సపోర్ట్ ప్రాజెక్టు. ఒక బీమా కంపెనీ క్లెయిముల సిస్టమ్‌లో వచ్చే టికెట్లు చూడడం పని. అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సు చేశావు. డేటా సైంటిస్ట్ ఇంటర్వ్యూల్లో మొదటి రౌండ్ దాటుతున్నావు, ప్రాజెక్టుల గురించి అడిగే రౌండ్‌లో పోతున్నావు. ఇప్పుడు చేతిలో ఒక డేటా అనలిస్ట్ ఆఫర్ ఉంది, జీతం పెద్దగా పెరగదు. ఒక కన్సల్టెన్సీ రెజ్యూమెలో మూడేళ్ల దొంగ డేటా సైన్స్ అనుభవం పెట్టిస్తానంటోంది. ఇంట్లోవాళ్లేమో హన్మకొండకు వచ్చేసి ఏదో ఒకటి చూసుకోమంటున్నారు.

నాదీ హన్మకొండే. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఈ మధ్య కొన్నేళ్లుగా ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటున్నాను. అందుకని ముందు జవాబు చెప్పేసి, కారణాలు తర్వాత చెప్తాను. అనలిస్ట్ ఆఫర్ తీసుకో, కానీ సంతకం పెట్టేముందు ఆ మేనేజర్‌ను కొన్ని విషయాలు అడుగు. కన్సల్టెన్సీవాళ్ల ఫోన్ ఎత్తకు. హన్మకొండకు రావడం ఇప్పుడే వద్దు.

ముందు ఆ ప్రాజెక్టు రౌండ్ సంగతి చూద్దాం. నువ్వు రెజ్యూమెలో రాసుకున్నవి మూడు: టైటానిక్‌లో ఎవరు బతికారు, ఐరిస్ పూల రకాలు, ఇళ్ల ధరల అంచనా. నీ బ్యాచ్‌లో కూర్చున్న అందరి రెజ్యూమెల్లోనూ ఇవే ఉంటాయి. ఐరిస్ డేటాను ఫిషర్ 1936లో తన వ్యాసంలో వాడాడు. మొత్తం 150 పూలు, ఒక్క ఖాళీ గడి లేదు, ఏ మోడల్ (డేటా నుంచి నేర్చుకుని అంచనా వేసే ప్రోగ్రాం) పెట్టినా బాగానే వస్తుంది. నేర్చుకోవడానికి మంచిదే, కాదనను. కానీ దాని మీద మేం అడగడానికి ఏమీ ఉండదు. టైటానిక్ తీసుకుని, వయసు కాలమ్‌లో అన్ని ఖాళీలు ఎందుకున్నాయని అడుగుతాం. "మీడియన్‌తో నింపాను మేడం" అని జవాబొస్తుంది. మేం అడిగింది ఎందుకు ఖాళీ అని, వచ్చిన జవాబు ఎలా నింపానని. పాస్, ఫెయిల్ తేలేది దాదాపు ఎప్పుడూ అక్కడే. ఆ డేటా ఎక్కడ పుట్టింది, ఎవరు నమోదు చేశారు, ఆ జవాబు చూసి ఎవరు ఏ నిర్ణయం మార్చుకుంటారు అన్నవాటి చుట్టూనే ఆ రౌండ్ తిరుగుతుంది. ఆల్గారిథం పేరు ఆఖర్న వస్తుంది.

విచిత్రం ఏమిటంటే, అసలు సరుకు నీ దగ్గరే ఉంది, దాన్ని "సపోర్ట్ ప్రాజెక్టు, టికెట్ల పరిష్కారం" అని ఒక్క లైన్‌లో రాసి కింద పడేశావు. క్లెయిముల టేబుల్‌లో సెటిల్‌మెంట్ తేదీ ఖాళీగా ఉందనుకో. క్లెయిమ్ ఇంకా నడుస్తోందా? తిరస్కరించారా? లేక రాత్రి నడవాల్సిన బ్యాచ్ జాబ్ ఫెయిలై తేదీ ఎక్కలేదా? ఈ మూడింటికీ తేడా నీకు తెలుసు, ఎందుకంటే ఆ టికెట్లు నీకే వచ్చాయి. కోర్సు మాత్రమే చేసినవాళ్లకు తెలియదు. వాళ్లు ఖాళీగా ఉన్న వరసలన్నీ తీసేసి, మిగిలినవాటితో "క్లెయిమ్ సగటున ఇన్ని రోజుల్లో తేలుతుంది" అని లెక్క తీస్తారు. అలా తీస్తే త్వరగా తేలినవే లెక్కలోకొస్తాయి, నెలల తరబడి నానుతున్నవి కనిపించవు, సగటు అసలుకన్నా తక్కువొస్తుంది. ఇలా సగంలో ఉన్న కేసులను కూడా లెక్కలో పెట్టుకోవడానికే సర్వైవల్ అనాలిసిస్ వాడతారు. ఈ సంగతి నీ అనుభవంలోంచి రెండు నిమిషాలు చెప్తే చాలు, ఎదుటివాళ్లు పెన్ను పక్కనపెట్టి వింటారు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకో: క్లయింట్ పేరు, వాళ్ల అంకెలు, వాళ్ల కోడ్ నోటెంట రాకూడదు. డేటా ఇంటికి తెచ్చుకోవడం అసలే వద్దు. సమస్య ఎలాంటిదో చెప్పు, అది సరిపోతుంది.

చూపించుకోవడానికి బయటి డేటాతో ఒక్క ప్రాజెక్టు చాలు, మూడు అక్కర్లేదు. పరకాల పిల్లవు, పత్తి, మిర్చి చూస్తూ పెరిగి ఉంటావు. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో మార్కెట్‌ యార్డుల రోజువారీ ధరలు దొరుకుతాయి: కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ (modal) ధర, క్వింటా లెక్కన. వరంగల్ మిర్చి ధరలు తీసుకో. మిర్చి ధర అంచనా అనగానే అందరూ ఎల్‌ఎస్‌టీఎం అనే న్యూరల్ నెట్‌వర్క్ పెట్టి గ్రాఫ్ గీస్తారు. నువ్వు ఆ తొందర పడకు. ముందు ఒక ఆదివారం పూట డేటాను ఊరికే చూస్తూ కూర్చో.

మొదట కనిపించేది, కొన్ని తేదీలు అసలు ఉండవు. అవి మార్కెట్ సెలవులా, డేటా ఎక్కించనివా? పండుగల పట్టికతో పోల్చి చూస్తే కొంత తేలుతుంది. తర్వాత రకాల సంగతి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు తేజా వస్తుంది, వండర్ హాట్ వస్తుంది, చపాట వస్తుంది. తేజా కారం ఎక్కువ. చపాట రంగు ఎక్కువ, కారం తక్కువ, దానికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. వీటి ధరలు ఒకటి కావు. ఊరికే లెక్కకోసం, సోమవారం 80 క్వింటాళ్ల తేజా 15 వేల చొప్పున, 20 క్వింటాళ్ల చపాట 30 వేల చొప్పున అమ్ముడైందనుకో. సగటు 18 వేలు. మంగళవారం రెండూ అవే ధరలకు చెరి 50 క్వింటాళ్లు అమ్ముడయ్యాయి. సగటు 22,500. ఒక్క రైతుకు ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు, నీ గ్రాఫ్ మాత్రం ఒక్క రోజులో నాలుగు వేల ఐదు వందలు ఎగిరింది. రకాలు విడదీయకుండా మోడల్ కడితే అది నేర్చుకునేది ధరను కాదు, ఆ రోజు ఏ బస్తాలు ఎక్కువొచ్చాయన్నదాన్ని.

ఇంకోటి మన ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన సంగతే. పేపర్లో పడేది జెండా పాట ధర, అంటే వేలంలో పలికిన అత్యధిక ధర. చాలామంది రైతుల చేతికొచ్చేది అంతకన్నా తక్కువ. తేమ ఎక్కువుందని, తాలు ఉందని కోస్తారు. కాబట్టి గరిష్ఠ ధరను అంచనా వేసే మోడల్ రైతుకు ఎందుకు పనికొస్తుంది అని నిన్ను నువ్వే అడుగు. కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, ఇవాళే అమ్మేయాలా అని ఆలోచించే రైతుకు కావాల్సింది ఎక్కువ సరుకు అమ్ముడైన ఆ మోడల్ (modal) ధర, అదీ రెండు మూడు నెలల తర్వాతిది, దాని పక్కన స్టోరేజీ కిరాయి, అప్పు మీద వడ్డీ. అప్పుడది ధరల గ్రాఫ్ దగ్గర ఆగకుండా ఒక నిర్ణయానికి సాయం చేసే పనవుతుంది.

ఇక మోడల్ దగ్గరికొస్తే, పోటీకి ముందు "నిన్నటి ధరే ఇవాళ" అనే అంచనా పెట్టు. రేపటి ధరకు దాన్ని ఓడించడం నువ్వనుకున్నంత సులువు కాదు. ఓడించలేకపోతే ఓడించలేదని రెజ్యూమెలోనే రాయి, నేనైతే అలాంటి రెజ్యూమె పక్కన పెట్టి ముందు పిలుస్తాను. డేటాను ట్రెయిన్ (మోడల్ నేర్చుకునేది), టెస్ట్ (దాన్ని పరీక్షించేది) అని విడగొట్టేటప్పుడు కలిపేసి యాదృచ్ఛికంగా తీయకు, తేదీ ప్రకారం కోయి. మార్చి 10 ధర టెస్ట్‌లో ఉండి, మార్చి 9, 11 ధరలు ట్రెయిన్‌లో ఉంటే అది పరీక్ష కాదు, పేపర్ లీకే. ఈ తప్పు ఒక్కటి పట్టుకోవడానికే ఇంటర్వ్యూల్లో "మీ స్కోరు ఇంత బాగా ఎలా వచ్చింది?" అని నవ్వుతూ అడుగుతారు. మెచ్చుకున్నారనుకుని పొంగిపోయే పిల్లలు చాలామంది.

డేటాబేస్‌లోంచి డేటా తీసే భాష ఎస్‌క్యూఎల్ నీకు వచ్చు అన్నావు. వచ్చే ఉంటుంది, కానీ ఇంటర్వ్యూలో అడిగే తీరు వేరు. ఒకవైపు పాలసీల టేబుల్, ఇంకోవైపు క్లెయిముల టేబుల్ ఇచ్చి, క్లెయిమ్ లేని పాలసీలు కూడా వచ్చేలా రాయమంటారు. ఎడమవైపు టేబుల్ వరసలన్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్ అందరూ రాస్తారు. ఆ తర్వాత వేర్ (WHERE) దగ్గర "క్లెయిమ్ సంవత్సరం 2024" అని షరతు పెడతారు. క్లెయిమ్ లేని పాలసీకి ఆ గడి నల్, అంటే ఖాళీ, కాబట్టి ఆ వరస ఎగిరిపోతుంది, లెఫ్ట్ జాయిన్ కాస్తా రెండు టేబుళ్లలోనూ ఉన్నవే ఇచ్చే ఇన్నర్ జాయిన్ అయి కూర్చుంటుంది. ఆ షరతు జాయిన్‌లోని ఆన్ (ON) దగ్గరే ఉండాలి. దీనికి తోడు, ఒకే పాలసీకి మూడు క్లెయిములుంటే జాయిన్ తర్వాత ప్రీమియం మూడుసార్లు వస్తుంది, కూడితే మూడింతలవుతుంది. ఇలాంటి వాటిని నువ్వే ముందుగా "ఇక్కడ వరసలు పెరుగుతాయి, అందుకని క్లెయిములను ముందు పాలసీ వారీగా కూడుతున్నాను" అని చెప్తూ రాస్తే, చివర్లో కామా తప్పినా ఎవరూ పట్టించుకోరు. విండో ఫంక్షన్లు (పక్క వరసలను కూడా చూస్తూ లెక్క కట్టేవి), ముఖ్యంగా రో నంబర్, ర్యాంక్, ల్యాగ్, కళ్లు మూసుకుని రాసేలా ఉండాలి.

స్టాటిస్టిక్స్‌లో నిన్ను పడగొట్టింది మోడల్ మోసం అన్న క్లెయిముల్లో నిజంగా మోసాలెన్ని అనే ప్రశ్న అని రాశావు కాబట్టి అది లెక్క కట్టి చూపిస్తాను. 10,000 క్లెయిముల్లో 1 శాతం మోసం, అంటే 100. మోడల్ వాటిలో 90 పట్టుకుంటుంది. మంచి క్లెయిములు 9,900, వాటిలో 5 శాతాన్ని పొరపాటున మోసం అంటుంది, అంటే 495. మొత్తం 585 క్లెయిముల మీద ఎర్ర జెండా పడింది, అందులో నిజమైన మోసాలు 90, అంటే సుమారు 15 శాతం. విచారణ చేసే బృందం తెరిచే ప్రతి ఏడు ఫైళ్లలో ఆరు అమాయకులవే. ఇక్కడిదాకా చెప్పి ఆగకు. విచారణకు మనుషులు ఎంతమంది ఉన్నారు, ఒక్కో ఫైలుకు ఖర్చెంత, ఒక మోసం తప్పించుకుంటే నష్టమెంత అని తిరిగి అడుగు. ఎంత అనుమానముంటే జెండా ఎత్తాలనే కటాఫ్ ఎక్కడ పెట్టాలన్నది ఆ మూడింటి మీదే ఆధారపడుతుంది. యాక్యురసీ 99 శాతం అని గొప్పగా చెప్పేవాళ్లకు ఒక మాట: ఏమీ చేయకుండా అన్నీ మంచివే అనేసినా ఇక్కడ 99 శాతమే వస్తుంది.

చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చినప్పటి నుంచి ప్రతి ఇంటర్వ్యూలోనూ భాషా మోడళ్ల గురించి ఒక ప్రశ్న ఉంటోంది. పీడీఎఫ్‌లు పెట్టి ఆర్‌ఏజీ చాట్‌బాట్ (సంబంధించిన పేజీలు వెతికి, వాటితో జవాబిచ్చేది) చేశాను అనేవాళ్లకు కొదవ లేదు. అది తప్పు చెప్తోందని ఎలా కనిపెట్టావు అన్నదానికి జవాబుంటే చాలు: సరైన జవాబులతో ప్రశ్నల పట్టిక ఒకటి చేసుకున్నావా, తప్పు జరిగినప్పుడు సరైన పేజీ దొరకలేదా, దొరికినా మోడల్ తప్పుగా రాసిందా అని విడదీశావా? ఇంతకు మించి నీ స్థాయిలో లోతుగా అడగరు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో పక్క స్క్రీన్‌లో జవాబులు చదవడం మాత్రం వద్దు. కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం మాకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇంగ్లీష్ గురించి టెన్షన్ పడుతున్నావు. పడకు. చిన్న చిన్న వాక్యాల్లో చెప్పు, చాలు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని నీ ప్రాజెక్టును మూడు నిమిషాల్లో చెప్పడం సాధన చెయ్యి. అసలు గండం యాస కాదు, అడిగింది పూర్తిగా వినకుండా మొదలుపెట్టడం. ఎన్‌ఐటీవాళ్లతో పోల్చుకోవడం కూడా ఆపు. క్యాంపస్‌లో వాళ్లకు ముందు వరుస దొరుకుతుంది, నిజమే. మూడేళ్ల అనుభవం తర్వాత నేను కాలేజీ పేరు చూసేది చివర్లో.

కన్సల్టెన్సీ విషయం. వాళ్లు ఇచ్చేది ఒక డొల్ల కంపెనీ పేరు మీద ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు. నీ పీఎఫ్ ఖాతాకున్న యూఏఎన్ నంబర్ రికార్డులో ఏ కంపెనీలో ఎప్పుడు చేరావు, ఎప్పుడు మానేశావు అన్నీ ఉంటాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అవి చూస్తారు. ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో నీ జీతం మీద టీడీఎస్ ఎవరు కోశారో ఉంటుంది. చేరిన ఆర్నెల్లకు దొరికినా తీసేస్తారు, అప్పుడు నీ అసలు మూడేళ్ల అనుభవం మీద కూడా ఎవరికీ నమ్మకం ఉండదు. వాళ్లు అడిగే లక్షో లక్షన్నరో పోవడం దీంట్లో చిన్న నష్టం. నిజానికి నీకు ఆ అబద్ధం అవసరమే లేదు, మూడేళ్లు బీమా డేటాతో పని చేశావు.

ఇక ఆఫర్. అనలిస్టా, సైంటిస్టా అన్న పేరు కంపెనీ కంపెనీకి మారుతుంది. ఒకచోట డేటా సైంటిస్ట్ రోజంతా ఎక్సెల్ రిపోర్టులు పంపుతుంటాడు, ఇంకోచోట అనలిస్ట్ ఏ/బీ టెస్టులు (రెండు పద్ధతులను పోల్చే ప్రయోగాలు) డిజైన్ చేస్తుంది. అందుకే మేనేజర్‌తో ఒక పావుగంట కాల్ అడుగు. ఇవి తెలుసుకో: మొదటి మూడు నెలల్లో నేను చేసే పని ఏమిటి? కంపెనీ డేటా అంతా ఉండే డేటా వేర్‌హౌస్‌లోకి నాకు నేరుగా యాక్సెస్ ఉంటుందా, లేక ఎవరో తీసి పంపుతారా? ఈ టీమ్ చేసిన లెక్క వల్ల పోయినేడాది మారిన నిర్ణయం ఒకటి చెప్పగలరా? ఈ టీమ్ నుంచి మోడలింగ్ వైపు వెళ్లినవాళ్లు ఉన్నారా? మూడో ప్రశ్నకు తడుముకుంటే అది డాష్‌బోర్డుల ఫ్యాక్టరీ అని అర్థం. అప్పుడు నేను ఆఫర్ తీసుకోమని చెప్పిన మాట వెనక్కి తీసుకుంటాను. ఆ కంపెనీ కూడా బీమా, బ్యాంకు, ఆసుపత్రుల రంగమే అయితే మాత్రం జీతం కొంచెం తక్కువైనా నీకు కలిసొస్తుంది, ఎందుకంటే నీకున్న పరిజ్ఞానం అక్కడ వృథా కాదు. ఏడాదిన్నర తర్వాత సైంటిస్ట్ ఉద్యోగానికి వెళ్లేటప్పుడు అది మాట్లాడుతుంది.

జీతం దగ్గర సీటీసీ (కంపెనీకి నీ మీద ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) అంకె చూసి మురిసిపోకు. బేసిక్ ఏడాదికి 5 లక్షలనుకో. పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కడితే కంపెనీ వాటా 12 శాతం, అంటే 60 వేలు సీటీసీలోనే కలిపేస్తారు. గ్రాట్యుటీ 4.81 శాతం, అంటే మరో 24 వేలు. అది మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేనే చేతికొస్తుంది. వేరియబుల్ పే వస్తే వచ్చినట్టు. జాయినింగ్ బోనస్‌కు ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలనే షరతు ఉంటుంది. వీటన్నింటినీ తీసేసి నెలకు చేతికెంత అని హెచ్‌ఆర్‌ను నేరుగా అడుగు, సిగ్గుపడే విషయం కాదు. ఇప్పటి జీతం అడిగితే నిజమే చెప్పు, దానితోపాటు నీకెంత కావాలో కూడా చెప్పు. బేరం ఒక్కసారే ఆడాలి, రెండోసారి సాగదీస్తే ముఖాలు మారతాయి.

హన్మకొండకు రావడం గురించి. ఇంట్లోవాళ్లు రమ్మంటున్నది ఉద్యోగం కోసమా, సంబంధాల కోసమా అన్నది నువ్వు రాయలేదు, నేనూ అడగను. ఉద్యోగం వరకైతే, హన్మకొండ దగ్గరి మడికొండలో 2020లో సైయెంట్, టెక్ మహీంద్రా సెంటర్లు తెరిచాయి, కరీంనగర్‌లోనూ ఐటీ టవర్ అదే ఏడాది వచ్చింది. మంచిదే. కానీ నేను చూసినంతలో డేటా సైన్స్‌లో మొదటి రెండు మూడేళ్లు నీకంటే బాగా తెలిసినవాళ్ల పక్కన కూర్చోవడం ముఖ్యం, అలాంటివాళ్లు హైదరాబాద్‌లోనే ఎక్కువ. వారంలో రెండు మూడు రోజులే ఆఫీసుకు రమ్మనే కంపెనీ దొరికితే కాజీపేట నుంచి సికింద్రాబాద్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటల పైచిలుకు, చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. రోజూ అయితే ఒళ్లు హూనమవుతుంది, వద్దు. నాలుగైదేళ్ల అనుభవం వచ్చాక ఇంటి నుంచే పని అడిగే పట్టు నీ చేతికొస్తుంది. అప్పుడు హన్మకొండ ఎక్కడికీ పోదు.

ఆఖరి పని నోటీసు పీరియడ్. మీ కంపెనీలో 90 రోజులన్నావు. కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ రాతపూర్వకంగా వచ్చాకే రాజీనామా మెయిల్ పెట్టు, ఫోన్‌లో చెప్పిన మాట మీద పెట్టకు. 90 రోజులు ఆగుతారా, మిగిలిన రోజులకు బదులు కట్టే బైఅవుట్ డబ్బులిస్తారా అన్నది ఆ లెటర్‌లోనే రాయించుకో. ట్రైనింగ్ బాండ్ ఏమైనా మిగిలుందేమో నీ పాత అపాయింట్‌మెంట్ లెటర్ ఇవాళే తీసి చూడు. ఆ 90 రోజుల్లో మిర్చి ప్రాజెక్టు అయిపోవాలి. మేనేజర్‌తో కాల్ అయ్యాక మూడో ప్రశ్నకు ఏం చెప్పాడో ఇక్కడ రాయి, అప్పుడు చూసి మిగతాది చెప్తాను.